గుడ్రున్, ఎర్రది, నా ఎడమ కాలు

ఆగస్టు 28. గుడ్రున్ మీటరు 14,206 గంటలు

సిగ్నే ఇవాళ తన ఎర్ర ట్రాక్టరు తెచ్చి మా షెడ్డు ముందు నిలబెట్టింది. టైర్ల బదులు యుద్ధ ట్యాంకుకి ఉన్నట్టు నాలుగు రబ్బరు బెల్టుల ట్రాకులు. ఒక్కోటి నా భుజాల ఎత్తు. మొత్తం ఇరవై ఏడు టన్నులట. దాని పక్కన మా గుడ్రున్ పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టంలా కనిపించింది. నాకు ఒళ్లు మండింది.

గుడ్రున్ అంటే నా ట్రాక్టరు. పసుపు రంగు, రెండే ట్రాకులు, ఇరవై నాలుగేళ్ల వయసు. మా నాన్న వాళ్ల పెద్దమ్మ పేరు పెట్టాను. ఆవిడ పాదాలు చేటల్లా ఉండేవట. ఎంత చిత్తడిలో నడిచినా దిగబడేది కాదట.

మా తమ్ముడు లైల్ మోకాళ్లు అరిగి, ఈ ఉత్తరాది చలి వదిలి అరిజోనా ఎండలోకి వెళ్లిపోయాడు. వాడి పొలం, వాడి కూతురు సిగ్నే, ఆ పిల్ల లీజుకు తీసుకున్న ఈ ఎర్రది, మూడూ ఈ ఏడు మాతో కలిశాయి. రెండు పొలాలకూ ఒక్క పెద్ద ట్రాక్టరు చాలు. ఎర్రదాని లీజు నవంబర్ నెలాఖరుకి ముగుస్తుంది. ఈలోపు తేల్చుకోవాలి. దాన్ని వెనక్కి పంపడమా, గుడ్రున్‌ను కంపెనీకి మార్పిడిగా ఇచ్చి దాన్ని ఉంచుకోవడమా.

సిగ్నే చాలా మర్యాదగా, అత్తా, ఈ సీజనంతా రెండూ పక్కపక్కనే నడుపుదాం, ఏది ఎలా చేసిందో నువ్వే రాయి, నీ రాతలో అబద్ధం ఉండదు అంది. ఆ మాటకి ఇంకా మండింది.

సరే. పక్షపాతం లేకుండా రాస్తాను. అలా అన్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. జూన్ నుంచి నా ఎడమ కాలు పిరుదు దగ్గర్నుంచి కింది దాకా మొద్దుబారి ఉంది. గిల్లినా తెలియదు. మా ఆయన ఆర్విల్‌కి కూడా చెప్పలేదు. నేను బండి నడిపేది కళ్లతో కాదు, కూర్చున్న చోటుతో. నేల మెత్తబడితే ముందు తెలిసేది అక్కడే. ఈ సంగతి బయటపడితే నన్ను మళ్లీ క్యాబ్ ఎక్కనివ్వరు.

సెప్టెంబర్ 3. మీటరు 14,231

గోధుమ కోసిన చేను. ఒకే నాగలి. పొద్దున గుడ్రున్‌కి కట్టాం, మధ్యాహ్నం ఎర్రదానికి.

గుడ్రున్ గంటకి ఐదు మైళ్లు. ఎర్రది ఆరుంపావు. తిన్నగా లాగేటప్పుడు తేడా అంతే, అది ఇంజన్ గొప్ప. అసలు తేడా మలుపులో తెలిసింది. గుడ్రున్ తిరగాలంటే ఒకవైపు ట్రాకు నెమ్మదించాలి. బరువు లాగుతూ తిరిగితే ఊపిరి సగానికి పడిపోతుంది, మట్టిని కుప్పగా నెట్టేస్తుంది. అందుకే నేను చేను చివర పెద్ద చుట్టు చుడతాను. ఎర్రది నడుము దగ్గర వంగుతుంది. నాలుగు ట్రాకులూ లాగుతూనే ఉంటాయి. నాగలి నేలలో ఉండగానే తిరిగింది. కుప్ప లేదు, కుదుపు లేదు. అబ్బ, ఏం తిరిగింది! నేను గట్టు మీద నిలబడి నోరు తెరిచి చూశాను. ఎవరూ నన్ను చూడలేదని అనుకుంటున్నాను.

ఆర్విల్ టోపీ వెనక్కి తోసుకుని, పర్లేదు అన్నాడు. మా జిల్లాలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పెళ్లినాడు నన్ను చూసి కూడా ఆ మాటే అన్నాడు. ఇరవై నాలుగేళ్లలో గుడ్రున్‌ని రెండుసార్లు అన్నాడు.

సెప్టెంబర్ 4

ఎర్రదాని సీటు చాలా బాగుంది. ఈ మాట ఎవరికీ చెప్పను.

సెప్టెంబర్ 12. మీటరు 14,290

ఇవాళ గుడ్రున్ వంతు. మన్నిక గురించి రాస్తాను.

గుడ్రున్ ఇంజన్ విప్పింది ఒక్కసారే, తొమ్మిది వేల గంటలప్పుడు. అదీ ఆర్విల్, నేనూ కలిసి మా షెడ్డులోనే, ఒక చలికాలం. ట్రాకు లోపలి చక్రాలు రెండుసార్లు మార్చాం. బెల్టులు ఇది మూడో జత. తారురోడ్డు ఎక్కనివ్వను కాబట్టి అన్నాళ్లు వచ్చాయి. రోడ్డు మీద రబ్బరు కాగి, లోపలి పళ్లు కొవ్వొత్తిలా కరిగిపోతాయి. నేను రోడ్డు పక్క గడ్డిలోనే నడుపుతాను. పోస్టుమేన్ తిట్టుకుంటాడు, తిట్టుకోనీ.

ఎర్రదానికి నాలుగు బెల్టులు. చక్రాలు, బేరింగులు, చూసుకోవలసిన నూనెలు అన్నీ దాదాపు రెట్టింపు. రాత్రి భోజనానికి ముందు ట్రాకుల్లో మట్టి దులపడం మా దగ్గర తప్పనిసరి. అలా వదిలేస్తే చలికి మట్టి రాయైపోయి, పొద్దున బెల్టు కదలదు. గుడ్రున్‌కి పారతో అరగంట. ఎర్రదానికి సిగ్నే గంటన్నర దులిపింది. రాత్రికి ఓవెన్లో వండిన హాట్‌డిష్ చల్లారిపోయింది. ఎక్కువ కాళ్లున్న దానికి ఎక్కువ బూట్లు తుడవాలి అన్నాను. సిగ్నే పార నా చేతికిచ్చి, అయితే రెండు కాళ్లు నువ్వు తుడువత్తా అంది. తుడిచాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఎర్రదాని పనితనం లోపల కూడా మంచిదే. ఏ మూల చూసినా ఎవరో ఆలోచించి చేసినట్టుంది. పదిహేనేళ్ల తర్వాత ఎలా ఉంటుందో నేను చెప్పలేను. గుడ్రున్ విషయంలో చెప్పగలను, అదొక్కటే దాని పై చేయి.

సెప్టెంబర్ 19

రెండు అంగుళాల వాన తర్వాత మూడో రోజు. ఎర్రదానిలో పక్క సీట్లో కూర్చున్నాను. సిగ్నే నడుపుతోంది, అంటే స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది, ఈ పిల్ల స్క్రీన్ చూస్తోంది. ఏ ట్రాకు ఎంత జారుతోందో అందులో అంకెలు. చక్కగా ఉంది, నిజంగా.

పడమటి చేనులో సగం దూరం పోయాక నా కుడి పిరుదు కింద నేల మారింది. ఎలా మారిందంటే చెప్పలేను. మంచి రొట్టె మీద కూర్చుని సరిగ్గా కాలని రొట్టె మీదకి జరిగినట్టు. ఆపు అన్నాను. సిగ్నే, ఏమైందత్తా, స్క్రీన్ మామూలుగానే ఉందిగా అంది. ఆపమన్నానా అన్నాను. ఆపింది. ఆపుతుండగా అంకెలు ఎర్రబడ్డాయి. దిగి చూస్తే కుడి ముందు ట్రాకు పక్కన నీళ్లు ఊరుతున్నాయి.

సిగ్నే ఆ నీళ్లలో వేలు పెట్టి చూసింది. ఎలా తెలిసింది అత్తా అంది. ముప్పై ఏళ్లు కూర్చో, తెలుస్తుంది అన్నాను. గొప్పలు పోయాను. కుడివైపు కాబట్టి తెలిసింది. అదే ఎడమవైపైతే?

అక్టోబర్ 1

చక్కెర దుంపల కోత మొదలైంది. వాన కూడా మొదలైంది.

అక్టోబర్ 9. మీటరు 14,402

రోజూ వానే. మా నల్లరేగడి బూటుకి పట్టుకుంటే బూటు బరువు మూడింతలవుతుంది. దుంపల లారీలు చేనులోకి వెళ్లడం వాటంతట అవే, బయటికి రావడం మాత్రం మా చేత లాగించుకునే. గుడ్రున్, ఎర్రది చెరో చేనులో పొద్దుటి నుంచి లారీలే లాగుతున్నాయి. నేల గడ్డకట్టే లోపు దుంపలు పైకి రావాలి. రాకపోతే ఏడాది కష్టం భూమిలోనే కుళ్లిపోతుంది.

ఇవాళ ఆర్విల్ లారీ ఇరుసు దాకా దిగబడింది. గుడ్రున్‌ను వెనక్కి తెచ్చి, నేను క్యాబులో కాఫీ తాగుతూ కూర్చున్నాను. ఆయన, అరవై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల మీద పాకుతూ తాడు కట్టుకున్నాడు. మేం మాట్లాడుకునే చేతి రేడియోలో, పెళ్లామంటే ఇదీ, ముప్పై ఎనిమిదేళ్ల కాపురం అంటూ గొణుగుతున్నాడు. నేను గుటక వేస్తున్న చప్పుడు వినిపించేలా తాగాను.

ఇది మా పద్ధతి. దిగబడిన వాళ్లే తాడు కట్టుకోవాలి. లాగేవాళ్లు కిందికి దిగకూడదు. లాగేటప్పుడు కొక్కెం విరిగినా, చట్రం వంగినా ఆ తప్పు కట్టినవాళ్లది. తాడు ఎవరు కడితే బండి వాళ్లది, మా తాతల నాటి మాట. దీని వల్లే మా ఊళ్లో ఇరుగుపొరుగులు ఇంకా మాట్లాడుకుంటున్నారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆ ఏడాది అందరికంటే లోతుగా దిగబడిన వాళ్ల ఫోటో మా ఊరి డొరీన్ కెఫేలో బోర్డుకెక్కుతుంది. వాళ్లు బల్ల దగ్గర అందరికీ పై అనే తియ్యటి ఓవెన్ వంటకం చేసి తేవాలి. లైల్ నాలుగుసార్లు ఎక్కాడు. ఆర్విల్ ఎన్నిసార్లో ఆయనే మరిచిపోయాడు. నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు.

అక్టోబర్ 16. మధ్యాహ్నం 2:10. మీటరు 14,461

దిగబడ్డాను.

క్యాబులోనే కూర్చుని రాస్తున్నాను. ఏటి వంపు దగ్గర పల్లం. అక్కడ మెత్తగా ఉంటుందని నా ఏడేళ్ల వయసు నుంచి తెలుసు. అంచు వెంబడి పోదామనుకున్నాను. నేల మెత్తబడితే తెలుస్తుంది కదా, ఆపేద్దాం అనుకున్నాను. ఏమీ తెలియలేదు. బండి ఒరుగుతుంటే కిటికీలోంచి చూసి తెలుసుకున్నాను. అప్పటికే ఎడమ ట్రాకు సగం లోపల ఉంది.

దిగుతున్నట్టు తెలిస్తే ఆపు, ట్రాకులు తిప్పకు అని సిగ్నేకి వందసార్లు చెప్పి ఉంటాను. నేనేం చేశాను? తిప్పాను. రోషం. బయటపడితే ఎవరికీ తెలియదు కదా అని నాలుగుసార్లు ముందుకి, నాలుగుసార్లు వెనక్కి. చెప్పేవాళ్లకి చేసేవాళ్లు లోకువంటారు, ఇక్కడ ఇద్దరూ నేనే. ఇప్పుడు ఎడమ ట్రాకు కనబడటం లేదు.

2:25

రేడియోలో సిగ్నేని పిలిచాను. వస్తున్నా అత్తా అంది. ఇంకే ప్రశ్నా వేయలేదు. గుడ్రున్ తప్పేం లేదు, అది ఇక్కడ రాసి పెడుతున్నాను.

రాత్రి 9

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సిగ్నే ఎర్రదాన్ని గట్టి నేల మీద, ముప్పై అడుగుల దూరంలో నిలిపింది. తాడు కొస నా వైపు విసిరి, మళ్లీ ఎక్కి క్యాబులో కూర్చుంది. పద్ధతి తెలిసిన పిల్ల. నేను దిగాను. కుడి కాలు మోకాలి దాకా పోయింది. ఎడమ కాలు కూడా పోయే ఉంటుంది. తాడు పట్టుకుని గుడ్రున్ ముందుకి నాలుగడుగులు వేశాను. కొక్కెం మట్టిలో ఉంది. వంగి చేత్తో తవ్వుతున్నాను.

అప్పుడు క్యాబు తలుపు తీసి సిగ్నే అరిచింది. అత్తా, నీ బూటేదీ అని.

చూసుకున్నాను. ఎడమ కాలికి మేజోడు ఒక్కటే ఉంది. బూటు రెండు గజాల వెనక మట్టిలో నిలబడి ఉంది, అందులో నీళ్లు. గడ్డకట్టే చలిలో ఒట్టి కాలితో నడుస్తున్నానని నాకే తెలియదు.

సిగ్నే దిగింది. వెనక్కి పో, నా బండి నేనే కట్టుకుంటాను అన్నాను. ఆగలేదు. నా కాలు పట్టుకుని మడమ నొక్కి, తెలుస్తోందా అంది. తాడు ఇంకో చుట్టు చేతికి చుట్టుకున్నాను. పిక్క నొక్కింది. ఎప్పట్నుంచత్తా అంది. జూన్ అన్నాను. అంతే, ఏడుపొచ్చేసింది. నాన్న పోయినప్పుడు కూడా పొలంలో ఏడవలేదు నేను.

ఆ పిల్ల నా చేతిలోంచి తాడు తీసుకుంది. కొక్కెం విరిగితే నీదే తప్పు, బండి ఇక నీది అవుతుంది అన్నాను. తెలుసత్తా, నాదే, జరుగు అంది. మోకాళ్ల మీద కూర్చుని భుజం దాకా మట్టిలో చెయ్యి పెట్టి కట్టింది. నన్ను గట్టు మీద దూరంగా నిలబెట్టింది. ఆర్విల్ రోడ్డు మీద లారీ ఆపి చూస్తున్నాడు.

ఇక ఎర్రది. నేను చూసింది రాయకపోతే పాపం. తాడు బిగిసేదాకా పిల్లి నడకలా కదిలింది. బిగిశాక నాలుగు ట్రాకులూ ఒక్కసారి నేలని పట్టుకున్నాయి. ఒక్క ట్రాకు జారలేదు, ఒక్క కుదుపు లేదు. ఇంజన్ గొంతు దిగింది, అంతే. నల్లరేగడి నోట్లోంచి గుడ్రున్ మెల్లగా, బుసబుసలాడుతూ పైకి వచ్చింది. అంత బలం అంత నెమ్మదిగా వాడటం నేను ఎప్పుడూ చూడలేదు. బండిదీ గొప్పే, పిల్లదీ గొప్పే.

గుడ్రున్ సంగతి కూడా రాయాలి. ఎడమ ట్రాకులో మట్టి తవ్వి తీశాం. బెల్టు చెక్కు చెదరలేదు. చక్రాలు బాగున్నాయి. సిగ్నే ఎక్కి తాళం తిప్పింది. మొదటి తిప్పుకే అందుకుంది. చీకటి పడేలోపు ఇంకో తొమ్మిది లారీలు లాగింది. నడిపింది సిగ్నే. నేను ఆర్విల్ లారీలో హీటరు ముందు కాలు పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరాం. వాకిట్లో ఆర్విల్, నాకు చెప్పి ఉండొచ్చుగా ఆర్డిస్ అన్నాడు. అవును, చెప్పి ఉండొచ్చు.

అక్టోబర్ 18

పుల్లటి రూబార్బ్ కాడలతో మూడు పైలు చేసి డొరీన్ కెఫేకి పట్టుకెళ్లాను. ఆర్విల్ రోడ్డు మీంచి తీసిన ఫోటో నేనే బోర్డుకి గుచ్చాను. అందరూ తలో ముక్క తీసుకున్నారు. డొరీన్, ముప్పై ఏళ్లు కాచుకున్నాం ఆర్డిస్, నీ పై కోసం అంది. అప్పుడు నవ్వారు. నేను కూడా నవ్వాను, కొంచెం.

నవంబర్ 2

దుంపలన్నీ పైకొచ్చాయి. దేవుడి దయ, రెండు ట్రాక్టర్ల దయ.

నవంబర్ 11

డాక్టర్ చూశాడు. నడుములో నరం నొక్కుకుపోయిందట. జనవరిలో ఆపరేషన్. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఆలస్యం చేశారు అన్నాడు. ఆర్విల్ నా వైపు చూడకుండా టోపీ చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

నవంబర్ 24. మీటరు 14,497

వంటగది బల్ల మీద తేల్చుకున్నాం. ట్రాక్టర్ల సంగతులన్నీ పైకి చదివాను. కాలు సంగతులు వదిలేశాను.

లాగే బలం ఎర్రదానిది. మలుపు ఎర్రదానిది. గతుకుల్లో నడక ఎర్రదానిది, మన్ను తొక్కకుండా తేలడం కూడా దానిదే. తక్కువ సామాను, తక్కువ డీజిలు, ఇంట్లోనే బాగుచేసుకునే వీలు, దులపడానికి అరగంట, ఇవి గుడ్రున్‌వి. మన్నిక గుడ్రున్ నిరూపించింది. ఎర్రదానికింకా నిరూపించే వయసు రాలేదు.

నా మాట నేను చెప్పాను. ఎర్రదాన్ని ఉంచుకోండి. అది మంచి బండి. పైగా నాలాంటి దాని తప్పు కూడా స్క్రీన్ పట్టుకుంటుంది.

సిగ్నే, ఎర్రదాన్ని వెనక్కిచ్చేద్దాం అంది.

ఆర్విల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. నేను, పిచ్చా నీకు, ఇప్పుడు చదివింది వినలేదా అన్నాను. సిగ్నే, విన్నానత్తా, నువ్వు రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు, కానీ తాడు నేను కట్టాను, గుడ్రున్ నాది, నాదాన్ని మార్పిడికివ్వడానికి నువ్వెవరు అంది. అంత మర్యాద గల పిల్ల! తల్లీ, మూడేళ్లు ఎర్రదాని మీద హాయిగా తిరిగావు కదా అన్నాను. అవును, మూడేళ్లు స్క్రీన్ చూశాను, నేలెలా ఉంటుందో నాకిప్పటికీ తెలియదు అంది. మళ్లీ తనే, ఎర్రది ఎప్పుడు కావాలన్నా దొరుకుతుంది, నేలని నేర్పడానికి పక్క సీట్లో నువ్వు ఎన్నాళ్లు దొరుకుతావత్తా అంది.

నేను లేచి వెళ్లి లెఫ్సె, అదే మా బంగాళాదుంప రొట్టెలు, వేడి చేశాను. ఎవరికీ ఆకలి లేదు. అయినా అందరం తిన్నాం.

నవంబర్ 30

పెద్ద లారీ వచ్చి ఎర్రదాన్ని తీసుకుపోయింది. వెళ్లేముందు నాలుగు ట్రాకులూ నేనే దులిపాను. గంటన్నర పట్టింది.

జనవరి 14

ఆపరేషన్ అయింది. కాలు ఇంకా కట్టెలాగే ఉంది.

ఏప్రిల్ 20

ఆర్విల్ గుడ్రున్ క్యాబులో పక్కన చిన్న సీటు బిగించాడు. చెక్క పలక, దాని మీద సోఫా దిండు. కుడివైపు పెట్టాడు. ఎడమవైపు పెట్టు, అక్కడ కూర్చుంటే నాకేమీ తెలియదు, ఆ పిల్లే సొంతంగా తెలుసుకుంటుంది అన్నాను. ఎడమవైపు చోటు లేదే, తలుపుంది అన్నాడు.

మే 4. మీటరు 14,512

ఏటి వంపు చేను. సిగ్నే నడుపుతోంది, నేను పలక మీద. కుడివైపు నేల బాగుంది. నేనేమీ అనలేదు.

ఉన్నట్టుండి సిగ్నే బండి ఆపింది. ఏమైంది అన్నాను. తెలీదత్తా, ఎడమవైపు ఏదో అంది.

నాకేమీ తెలియలేదు. కర్ర పట్టుకుని దిగి, చుట్టూ తిరిగి వెళ్లి చూశాను. ఎడమ ట్రాకు ముందు మూడడుగుల్లో నీళ్లు.

పర్లేదు అన్నాను.